చెరువు గట్ల వెంట ఒక్కరోజు బృంద నడకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నడకలు ఎక్కడెక్కడ జరుగుతాయి?

హైదరాబాదు నుంచి తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగిన చెరువుల, జలాశయాల వెంట మా బృందం నడుస్తుంది. నగరం అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు, 1908 నాటి మూసీ వరదల తరువాత ఆ నది మీద 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ దగ్గరి నడకలకు అనువైనవి. రోజంతా కేటాయించగలిగినవారికి సంగారెడ్డి దగ్గరి మంజీర, మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దులోని పోచారం ఉన్నాయి. నర్సంపేట దగ్గరి పాకాల చెరువుకు వెళ్లాలంటే మాత్రం ముందురోజు రాత్రి వరంగల్లులో బస చేయడం మేలు. ఆ చెరువును 1213 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో నిర్మించారు. చుట్టూ దట్టమైన అడవి ఉంది కనుక అక్కడి నడక తక్కిన వాటికంటే భిన్నంగా ఉంటుంది.

పాకాల నుంచి హిమాయత్‌సాగర్ వరకు ఇవన్నీ మనుషులు కట్టిన జలాశయాలే. నడక ఎటు నుంచి మొదలుపెట్టాలి, ఏ పక్షి కోసం ఎక్కడ ఆగాలి అనేవి వాటిని కట్టిన తీరును బట్టే తేలుతాయి. అందుకే తరువాతి ప్రశ్నకు కొంత వివరంగా జవాబు చెబుతున్నాము.

కట్ట మీద నడిస్తే సరిపోదా? చెరువు వెనకవైపు దాకా ఎందుకు తీసుకెళ్తారు?

వాగు పల్లానికి పారే చోట అడ్డంగా మట్టికట్ట వేసి నీటిని ఆపడం, తూము ద్వారా దిగువ ఆయకట్టుకు వదలడం, మిగులు నీటిని మత్తడి లేదా అలుగు మీదుగా పొర్లించడం మన చెరువు నిర్మాణంలోని పద్ధతి. అందువల్ల కట్టను ఆనుకుని నీళ్లు లోతుగా ఉంటాయి. ఎగువకు పోయేకొద్దీ లోతు తగ్గి, చెరువు నిండినప్పుడు మునిగే శిఖం భూమిలో ముందు బురదగా, ఆపైన పచ్చికగా మారుతుంది. పక్షులు తమ చోట్లను ఈ లోతును బట్టే ఎంచుకుంటాయి. కట్ట దగ్గరి లోతు నీటిలో మునిగి చేపలు పట్టే నీటికాకులు, బుడుబుంగలు ఉంటాయి. మోకాలి లోతు నీటిలో ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు తిరుగుతాయి. బురద అంచున ఉల్లంకులు ముక్కుతో పొడుచుకుంటూ పురుగులను ఏరుకుంటాయి. పచ్చికలో తీతువులు, పశువుల వెంట తిరిగే తెల్లకొంగలు కనిపిస్తాయి. కట్ట మీద మాత్రమే నడిచి వెనుదిరిగినవారు వీటిలో మొదటి గుంపును చూసి, ఈ చెరువులో పెద్దగా పక్షులు లేవనుకుని వెళ్లిపోతారు.

అందువల్ల మేము వీలున్న ప్రతిచోటా కట్ట మీద ఒక గంట గడిపి, ఆ తరువాత పొలాల గట్ల మీదుగా ఎగువకు వెళ్తాము. పొద్దుటిపూట సూర్యుడు మన వీపువైపు ఉండేలా దారిని ఎంచుకుంటాము. ఎండకు ఎదురుగా నిలబడితే ఎంత మంచి బైనాక్యులర్ ఉన్నా ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. ఎగువన నడిచేటప్పుడు పచ్చిక అంచు దాటి తడి బురదలోకి దిగకూడదు. ఉల్లంకుల మేత అంతా ఆ బురదలోనే ఉంటుంది. పైగా ఎండి గట్టిపడినట్టు కనిపించే పైపొర కింద పిక్కల లోతు వరకు దిగబడే చోట్లు ఉంటాయి.

ఏ నెలల్లో రావడం మంచిది?

మొదటిసారి వచ్చేవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. మధ్య ఆసియా, టిబెట్, సైబీరియాల నుంచి వలస పక్షులు అక్టోబరు నుంచి చేరుకుని, మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుగుముఖం పడతాయి. వర్షాకాలంలో వలస పక్షులు ఉండవు కానీ ఇక్కడే ఉండే పక్షుల సంసారాలను చూడటానికి అదే సమయం. నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతుంటాయి. మగపక్షి సగం అల్లిన గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపక్షిని పిలుస్తుంది. ఆమెకు గూడు నచ్చకపోతే మగపక్షి దానిని వదిలి మరొకటి మొదలుపెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది లోపలే నడక ముగిస్తాము.

పోయిన శీతాకాలంలో వేలాది పక్షులు ఉన్న చెరువు ఈసారి ఖాళీగా ఎందుకు ఉంది?

ఇది మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న. చాలాసార్లు బాధతో అడుగుతారు. చెరువు పాడైపోయిందని వెంటనే నిర్ణయించుకోవద్దని మా మనవి. వానలు బాగా పడిన ఏడాది తెలంగాణలో వేలాది చెరువులు, కుంటలు, వరిమళ్లు నీటితో నిండుతాయి. పక్షులకు ఎటు వెళ్లినా మేత దొరుకుతుంది కనుక అవి చెదిరిపోతాయి. పైగా అలుగు దాకా నిండిన చెరువులో లోతు తక్కువ నీరు గానీ బురద అంచు గానీ దాదాపు మిగలదు. నీళ్లలో నిలబడి మేసే కొంగలకు, ఉల్లంకులకు, తల ముంచి అడుగున మేసే బాతులకు ఆ నిండు చెరువు పనికిరాదు. వానలు తగ్గిన ఏడాది చిన్న కుంటలన్నీ ముందే ఎండిపోయి, పక్షులన్నీ మిగిలిన రెండు మూడు పెద్ద చెరువుల్లో గుమిగూడతాయి. అంటే వేలాది పక్షులు కనిపించడం ఒక్కోసారి చుట్టుపక్కల నీటి కరువుకు గుర్తు కావచ్చు.

అయితే నిజంగానే చెరువు చెడిపోయి పక్షులు రాకుండా పోయే సందర్భాలు కూడా ఉన్నాయి, వాటిని తేలికగా తీసుకోకూడదు. మురుగు చేరిన చెరువును గుర్రపుడెక్క కప్పేస్తుంది. అది పూర్తిగా పరుచుకుంటే కింది నీటికి వెలుతురు, గాలి అందక చేపలు తగ్గిపోతాయి, చేపలను తినే పక్షులు తరలిపోతాయి. శిఖం భూమిని మట్టితో పూడ్చి చదును చేస్తే కట్ట దగ్గర నీళ్లు ఉన్నా ఉల్లంకులకు చోటుండదు. ఈ రెండు పరిస్థితులను వేరుచేసి చూడటానికి పక్షుల సంఖ్యకంటే వాటి రకాలను గమనించడం మంచి పద్ధతి. పొడవాటి గులాబీరంగు కాళ్లతో, నల్లని రెక్కలతో ఉండే బ్లాక్ వింగ్‌డ్ స్టిల్ట్ అనే పక్షి మురుగునీటిని కూడా తట్టుకుంటుంది. వాసన వేసే నీటిలో అవి ఒక్కటే వందలుగా ఉండి, బుడుబుంగలు, బాతులు, లకుముకి పిట్టలు కనిపించకపోతే ఆ చెరువు గురించి ఆందోళన చెందవలసిందే.

ఎంత దూరం నడవాలి?

సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్లు. పెద్దగా ఎక్కుడు దిగుడు ఉండదు. పక్షుల కోసం ఆగుతూ నడుస్తాము కనుక అంత దూరానికే నాలుగైదు గంటలు పడుతుంది. వేగంగా నడిచి వ్యాయామం చేయాలనుకునేవారికి ఈ నడక తృప్తినివ్వదు, ఆ సంగతి ముందే తెలుసుకుని రావడం మంచిది.

అంత పొద్దున్నే ఎందుకు బయలుదేరాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులో ఆరున్నర దాటాక గానీ సూర్యుడు ఉదయించడు. పక్షులు మేతకు కదిలేది ఆ వెలుతురు వచ్చిన మొదటి రెండు మూడు గంటల్లోనే. ఎండ ముదిరాక చాలా బాతులు నడినీటిలో తల రెక్కల్లో దాచుకుని నిద్రపోతాయి. నేల వేడెక్కాక దూరపు దృశ్యం గాలిలో అలలు అలలుగా కదిలి, పక్షి ముక్కు రంగు కూడా తెలియదు. కాబట్టి కట్ట దగ్గరికి సూర్యోదయానికి ముందే చేరుకుంటాము. ఆలస్యమైనవారి కోసం పది నిమిషాలకు మించి ఆగము.

బృందంలో ఎంతమంది ఉంటారు?

పదిహేను మందికి మించకుండా చూస్తాము. అంతకంటే ఎక్కువమంది వస్తే రెండు జట్లుగా విడిపోయి, వేర్వేరు వైపుల నుంచి నడుస్తాము. ముందు ఒకరు, చివర ఒకరు దారి తెలిసినవారు ఉంటారు. అందరూ ఒకరి వెనుక ఒకరు నడవాలి. పదిమంది అడ్డంగా పరుచుకుని నీటివైపు కదిలితే పక్షులకు తమను ముట్టడిస్తున్నట్టు తోస్తుంది. వరుసగా నడిచే జట్టును అవి చాలాసేపు సహిస్తాయి.

పక్షులకు ఎంత దూరంలో ఉండాలి?

ఇన్ని మీటర్లని చెప్పలేము. ఆ దూరాన్ని నిర్ణయించేది పక్షే. మేస్తున్న బాతుల గుంపు వైపు మీరు నడుస్తున్నారనుకోండి. ముందు అంచున ఉన్న ఒకటి రెండు బాతులు మేయడం ఆపి మెడ నిటారుగా ఎత్తుతాయి. ఆ క్షణంలో మీరు ఆగిపోతే, కాసేపటికి మెడలు దించి మళ్లీ మేతలో పడతాయి. ఆగకుండా ముందుకు వెళ్తే గుంపంతా మెడలెత్తి, మీకు దూరంగా ఈదడమో నడవడమో మొదలుపెడుతుంది. ఇంకో నాలుగడుగులు వేస్తే ఎగిరిపోతుంది. మొదటి మెడ లేచిన చోటే మీ హద్దు. గుంపు లేచిపోయాక ఫొటో తీసి ఎంత గొప్పగా ఉందో అనుకునేవారిని మేము నిర్మొహమాటంగా ఆపుతాము.

దీనిని ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. తలవెనుక రెండు నల్లని అడ్డపట్టెలుండే బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతులు హిమాలయాలను దాటి ఇక్కడికి వస్తాయి. మార్చి వచ్చేసరికి మళ్లీ వాటిని దాటడానికి కావలసిన కొవ్వును ఈ నాలుగు నెలల్లో ఒంటికి పట్టించుకోవాలి. భయపడి ఎగిరిన ప్రతిసారీ కూడబెట్టిన బలంలో కొంత ఖర్చవుతుంది, మేతకు దొరికిన సమయం పోతుంది. ఒక జట్టు లేపి వెళ్లిన గుంపునే అరగంట తరువాత మరో జట్టు, ఆ తరువాత ఒక కుక్క, ఆపైన ఒక డ్రోన్ లేపితే ఆ పక్షికి ఆ పూట గడిచేదెలా? సెలవురోజున అమీన్‌పూర్ వంటి చెరువు దగ్గర ఇది ఊహించడం కష్టమేమీ కాదు. ఆ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. నగర ప్రాంతంలోని జలాశయానికి అటువంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. ఆ గుర్తింపు కాగితాల మీదే మిగిలిపోకుండా ఉండాలంటే అక్కడికి వెళ్లే మనమంతా ఈ హద్దును పాటించాలి.

సూటిగా ఎదురు నడవకుండా ఏటవాలుగా వెళ్లడం, ఆకాశం వెనుకగా పడే కట్ట నెత్తిమీద నిలబడకుండా వాలు పక్కన కాస్త కిందుగా ఉండటం, నిలబడినచోటే చాలాసేపు నిలబడటం వంటి చిన్న జాగ్రత్తలతోనే పక్షులు తమంతట తామే దగ్గరికి వస్తాయి.

నాకు పక్షుల పేర్లు ఒక్కటీ తెలియవు. రావచ్చా?

తప్పకుండా రావచ్చు. పేర్లతో మొదలుపెట్టవద్దని కూడా చెబుతాము. ముందు అది ఎలా తింటున్నదో చూడండి, పేరు దానంతటదే గుర్తుంటుంది.

నత్తగుల్ల కొంగను గమనించండి. ముక్కు పూర్తిగా మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. నీటి అడుగున ముక్కుతో తడిమి నత్తను పట్టుకుని, పైముక్కుతో గుల్లను నేలకు అదిమి, కిందిముక్కు కొనను గుల్ల మూత పక్కనుంచి లోపలికి దూర్చి, కండరాన్ని తెంపి, మెత్తని శరీరాన్ని బయటికి లాగుతుంది. ఇంతా చేసి గుల్లను పగలగొట్టదు. అది మేసి వెళ్లినచోట ఖాళీ గుల్లలు చెక్కుచెదరకుండా పడి ఉంటాయి, వాటిని చేతిలోకి తీసుకుని చూడవచ్చు. దాని పక్కనే ఉండే ఎర్రకాళ్ల కొంగది మరో పద్ధతి. పసుపురంగు ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, తలను అటూ ఇటూ ఆడిస్తూ, ఒక కాలితో అడుగును కెలుకుతుంది. బెదిరిన చేప ముక్కుకు తగిలితే చాలు, కంటితో చూడవలసిన అవసరం లేకుండానే ముక్కు మూసుకుంటుంది. అందుకే బురదనీటిలో కూడా దానికి ఆకలి తీరుతుంది. ముఖం ఎర్రగా, వీపు చివర ఈకలు గులాబీరంగులో ఉంటే అదేనని గుర్తుపట్టవచ్చు.

నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, తల మాత్రం కదలకుండా కిందికి చూసి, రాయి పడినట్టు నిలువునా నీళ్లలోకి దూకుతుంది. కొన్ని శీతాకాలాల్లో వచ్చే రాజహంసలు (ఫ్లెమింగోలు) తలను తలకిందులుగా ముంచి, నీటిని వడకట్టుకుని తింటాయి. గుర్రపుడెక్క మీద పొడవాటి వేళ్లతో మునగకుండా నడిచే పక్షి జకానా. వాటిలో ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, పొదగడం, పిల్లలను కాపాడటం మగపక్షి పని. మన కావ్యాల్లో రాత్రిపూట ఎడబాటుతో వేదన పడే జంటగా వర్ణించిన జక్కవలు కూడా చలికాలంలో ఇక్కడికి వస్తాయి. నారింజరంగు ఒళ్లు, లేతరంగు తల ఉన్న ఆ బాతులు జంటలుగానే కనిపిస్తాయి. తిరుగుదారిలో కరెంటు తీగల మీద తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టను చూడటం మరిచిపోవద్దు. కూర్చున్నప్పుడు అది సాదాగా ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల నీలం బయటపడుతుంది.

బైనాక్యులర్ కొనాలా?

మొదటిసారే కొనవద్దు. బృందంలో ఉన్నవాటిని అందరూ పంచుకుంటారు. కొనదలిస్తే 8×42 అని రాసి ఉన్నది సరిపోతుంది. ఎనిమిది అంటే దృశ్యం అన్నిరెట్లు పెద్దగా కనిపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వ్యాసం అన్ని మిల్లీమీటర్లని అర్థం. పన్నెండు, పదహారు రెట్లవి చేతిలో వణికి కళ్లకు శ్రమ కలిగిస్తాయి.

పక్షులు కాక ఏ జంతువులు కనిపిస్తాయి?

నగరానికి దగ్గరి చెరువుల దగ్గర ముంగిసలు, ఉడుములు, రాళ్ల మీద ఎండ కాచుకునే తాబేళ్లు కనిపిస్తాయి. నిజాం కాలంలో 1922లో పూర్తయిన పోచారం జలాశయం చుట్టూ అభయారణ్యం ఉంది. అక్కడ చుక్కల దుప్పులు, మనుబోతులు ఉన్నాయి. పాకాల చుట్టూ ఉన్న అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి కనుక అక్కడ అటవీశాఖ చూపిన దారి తప్పి అడుగు వేయము.

జంతువులు కంటబడటం కంటే వాటి అడుగులు కంటబడటమే ఎక్కువ. చెరువు అంచున బురద తడిగా ఉన్నప్పుడు పొద్దున్నే చూస్తే రాత్రి ఎవరెవరు నీళ్లు తాగి వెళ్లారో తెలిసిపోతుంది. అడుగు ముద్రలో వేళ్ల ముందు గోళ్ల గుర్తులు ఉంటే కుక్క, నక్క జాతిది. గోళ్లను లోపలికి ముడుచుకుని నడుస్తాయి కనుక పిల్లి జాతి జంతువుల ముద్రలో ఆ గుర్తులు పడవు. రెండుగా చీలిన గిట్టల వెనుక మరో రెండు చిన్న గుంతలు కూడా బురదలో పడి ఉంటే అది చాలావరకు అడవిపంది. ఈ పరిశీలన పిల్లలకు బాగా నచ్చుతుంది, దీనికోసం కొంత సమయం ప్రత్యేకంగా కేటాయిస్తాము.

మంజీరలో మొసళ్లు ఉన్నాయట. ప్రమాదం కాదా?

ఉన్నాయి. 1978లో ఏర్పడిన మంజీర అభయారణ్యానికి ముఖ్యమైన జీవి మగ్గర్ జాతి మొసలే. చలికాలపు ఉదయాల్లో అవి దీవుల మీద, ఒడ్డున ఎండ కాచుకుంటాయి. నోరు తెరుచుకుని కదలకుండా పడుకున్న మొసలి కోపంగా ఉన్నదని అనుకుంటారు, అది ఒంటి వేడిని సరిచేసుకునే తీరు మాత్రమే. మేము వాటిని దూరం నుంచి బైనాక్యులర్‌తో మాత్రమే చూస్తాము. నీటి అంచుకు వెళ్లడం, చేతులు కడుక్కోవడానికి ఒడ్డున వంగి కూర్చోవడం అక్కడ పూర్తిగా నిషిద్ధం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఆడమొసళ్లు ఒడ్డున గుంతలు తవ్వి గుడ్లు పెట్టి కాపలా కాస్తాయి. ఆ నెలల్లో మరింత ఎడంగా ఉంటాము.

పాముల సంగతి ఏమిటి?

చెరువుల దగ్గర తరచుగా కనిపించేది నీరుకట్టె. అది విషం లేని పాము. పొలం గట్ల మీద జెర్రిపోతు కూడా కనిపిస్తుంది, దానికీ విషం లేదు. అయితే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. అడుగు వేసేచోటు చూసి నడవడం, రాళ్ల సందుల్లో, పొదల్లో చేతులు పెట్టకపోవడం, చీలమండ కప్పే బూట్లు వేసుకోవడం చాలావరకు రక్షణనిస్తాయి.

ఎవరికైనా కాటు పడితే కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు వైద్యం కోసం సమయం పోగొట్టకూడదు. ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేసి, ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో వాడే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది కనుక, పామును చంపి తీసుకెళ్లవలసిన అవసరం లేదు. నడకకు ముందే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఎక్కడుందో, అక్కడ ఆ మందు ఉందో లేదో కనుక్కుంటాము.

తేనెటీగలు?

పెద్ద చెట్లకు, తూము కట్టడాలకు కొండ తేనెటీగల పట్టులు వేలాడుతుంటాయి. పామును చూసి భయపడేవారు వీటిని పట్టించుకోరు కానీ మా లెక్కలో ఇవే ఎక్కువ జాగ్రత్త పడవలసినవి. అత్తరు, సెంటు పూసుకుని రావద్దు, పట్టు కింద ఆగవద్దు, పొగతాగవద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని, ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. నీళ్లలో దూకకూడదు.

ఏం తెచ్చుకోవాలి?

రెండు లీటర్ల నీళ్లు, పులిహోర గానీ చపాతీలు గానీ చేతితో తినగలిగే తిండి, టోపీ, పొద్దుటి చలికి తీసివేయడానికి వీలైన స్వెట్టర్, రోజూ వాడే మందులు. బట్టలు మట్టిరంగులో గానీ ముదురు ఆకుపచ్చలో గానీ ఉంటే మంచిది. తెలుపు, ఎరుపు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చెత్త వేయడానికి ఒక సంచి ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

పిల్లలను, పెద్దవయసువారిని తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పెద్దలతో కలిసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి అమీన్‌పూర్, ఉస్మాన్‌సాగర్ నడకలు బాగుంటాయి, కట్ట మీదే కూర్చుని మిగిలినవారు తిరిగి వచ్చేదాకా చూడవచ్చు. అలా ఒకేచోట కూర్చున్నవారికి, తిరిగివచ్చినవారికంటే ఎక్కువ పక్షులు కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

పెంపుడు కుక్క?

వద్దు. గొలుసు కట్టినా వద్దు.

పక్షులకు రొట్టె, మరమరాలు వేయవచ్చా?

వేయకూడదు. అవి నీళ్లలో కుళ్లి చెరువును పాడుచేస్తాయి, పక్షులకు తగిన ఆహారమూ కాదు. పైగా ఆ తిండికి కాకులు, కుక్కలు చేరి చుట్టుపక్కల గూళ్లలోని గుడ్లను, పిల్లలను తినేస్తాయి.

ఈత కొట్టవచ్చా?

కూడదు. పూడిక తీసిన చెరువుల్లో, మట్టి తవ్వుకుపోయిన చోట్ల అంచు నుంచి రెండడుగులు వేయగానే నిలువులోతు గుంతలు ఉంటాయి, పైకి నీళ్లు ఒకేలా కనిపిస్తాయి. తూము తెరిచినప్పుడు నీరు లోపలికి లాగుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీర తాగునీటి జలాశయాలన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఫొటోలకు ఏవైనా నియమాలు ఉన్నాయా?

ఫోన్‌లో పక్షికూత వినిపించి పక్షిని బయటికి రప్పించకూడదు. తన చోటులోకి మరో పక్షి వచ్చిందనుకుని అది మేతను, గూటిని వదిలి వెతుక్కుంటుంది. డ్రోన్ ఎగరేయకూడదు. గూటికి అడ్డంగా ఉన్న ఆకులను, కొమ్మలను తొలగించి ఫొటో తీయకూడదు. ఆ ఆకులే పిల్లలకు ఎండ నుంచి, గద్దల నుంచి చాటు.

చెరువు దగ్గర ఉండే ఊరివారితో ఎలా మెలగాలి?

చెరువు వారి బతుకుతెరువు. మనం ఒక పూట చూసి వెళ్లేవారం. జాలర్ల వలలు, తెప్పలు ముట్టుకోకూడదు. పొలం గట్టు మీద నడవవలసివస్తే యజమాని కనిపిస్తే అడిగి నడవాలి, చేలోకి దిగకూడదు. అడగకుండా వారి ఫొటోలు తీయకూడదు. ఏ మూల ఏ పక్షి దిగుతుందో, ఈ ఏడు నీళ్లు ఎప్పుడు తగ్గాయో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. పలకరించి, తీరిక ఉంటే అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు. చేపలు అక్కడే కొనుక్కుంటే మరీ మంచిది.

అనుమతులు కావాలా?

మంజీర, పోచారం, పాకాల అభయారణ్యాలు కనుక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ వర్తిస్తుంది, అటవీశాఖ అనుమతితోనే వెళ్తాము. తక్కిన చోట్ల జలాశయం నిర్వహణ చూసేవారి నిబంధనలను పాటిస్తాము. కాపలాదారు వద్దన్నచోట వాదించము.

నేల మీద గుడ్లు గానీ గాయపడిన పక్షి గానీ కనిపిస్తే ఏం చేయాలి?

తీతువు గూడు కట్టదు. బీడునేల మీద చిన్న పల్లంలో, గులకరాళ్ల మధ్య మట్టిరంగు మచ్చల గుడ్లు పెడుతుంది. అవి కాలి కింద పడేదాకా కనిపించవు. తలమీదుగా ఎగురుతూ పక్షి ఆపకుండా అరుస్తున్నదంటే మీరు గుడ్ల దగ్గర ఉన్నారని అర్థం. ఆగి, నేలను చూసుకుని, వచ్చిన అడుగులోనే వెనక్కి వెళ్లాలి. వేసవి ఎండలో ఆ పక్షి పొట్ట ఈకలను నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనం అక్కడే నిలబడితే అది రాలేదు, గుడ్లు ఎండకు పాడైపోతాయి.

పారేసిన నైలాన్ వలల్లో, గాలిపటాల దారాల్లో చిక్కుకున్న పక్షులు తరచుగా కంటబడతాయి. సంక్రాంతి రోజుల్లో ఇది మరీ ఎక్కువ. వలస పక్షులు నిండుగా ఉండే కాలం, గాలిపటాల కాలం ఒకటే కావడం వాటి దురదృష్టం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, అయినా చెట్లకు వేలాడుతూనే ఉంది. చిక్కుకున్న పక్షి తల మీద పలుచని గుడ్డ కప్పితే అది శాంతిస్తుంది. దారాన్ని లాగకుండా చిన్న కత్తెరతో ముక్కలుగా కత్తిరించాలి. రెక్క విరిగినా, నెత్తురు కారుతున్నా గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖకు అప్పగించాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. ప్రతి నడకలో కనిపించిన దారాలను, వలముక్కలను ఏరుకుని తెస్తాము.

చూసినవి ఎలా రాసుకోవాలి?

తేదీ, సమయం, చోటు, పక్షి, సంఖ్య. వీటితోపాటు ఆరోజు నీటిమట్టం కూడా రాయాలి. తూము రాళ్ల మీద నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి ప్రతిసారీ అదే గుర్తుతో పోల్చితే చాలు. పెద్ద గుంపును లెక్కపెట్టేటప్పుడు ముందు పది పక్షులను లెక్కించి, ఆ పదీ ఎంత చోటు ఆక్రమించాయో చూసి, అటువంటి చోట్లు గుంపులో ఎన్ని ఉన్నాయో అంచనా వేయాలి. తెలియని పక్షికి ఊహించి పేరు పెట్టకుండా, ముక్కు, కాళ్లు, తిన్న తీరు రాసి పెట్టండి. ఇంటికి వెళ్లాక, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో వీటిని చేర్చవచ్చు. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలో స్వచ్ఛందంగా పాల్గొనాలనుకునేవారికి ఈ అలవాటు బాగా పనికివస్తుంది.

ఏ పక్షీ కనిపించని చెరువు పేరు కూడా సున్నాతో సహా రాయాలి. అలుగు పారే ఏడాది సున్నాకు, మురుగు చేరిన ఏడాది సున్నాకు తేడా తెలిసేది పక్కనే నీటిమట్టం, నీటి రంగు, గుర్రపుడెక్క ఎంత మేర కప్పిందో రాసి ఉన్నప్పుడే. గూళ్లున్న చోటును మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా ఎక్కడా బయటపెట్టవద్దు.